గోధుమరంగు బూట్లావిడ

మా మనవరాలు చదివేది బూట్ల చదువు. ఈ మాట చెప్తే వినేవాళ్ళు ముందు నా కాళ్ళ వంక, తర్వాత నా మొహం వంక చూసి, బూట్లకి చదువేమిటండీ అంటారు. మొదట్లో నాకూ అదే అనుమానం. పుస్తకాలు తిరగేసి చూస్తే అందులో ఎముకలున్నాయి, తోళ్ళున్నాయి, కొలతలున్నాయి, నడకలో బరువు ఎటు పడుతుందన్న లెక్కలున్నాయి. పాదం ఆకారంలో చెక్కిన చెక్క అచ్చులు మా కిటికీ గట్టు మీద వరసగా ఉండేవి. పొద్దున్నే లేచి చూస్తే ఎవరో కొంతమంది మా ఇంటికి వచ్చి, పాదాలు మాత్రం వదిలేసి వెళ్ళిపోయినట్టుండేది.

పిల్లని ఇంట్లో ఉడత అంటాం. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తోలుముక్క పట్టుకుని గోటితో గీరుతూ ఉంటుంది, కొత్తమనిషి గుమ్మంలో కనిపిస్తే చటుక్కున మాయమవుతుంది. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, బస్సు టిక్కెట్ల కౌంటర్లో పని చేస్తుంది. మసకబారిన అద్దానికున్న చిన్న కంతలోంచి చేతులే తప్ప మనుషులు కనబడరు దానికి. దారిలో ఎవరైనా పలకరిస్తే గుర్తుపట్టదు, వాళ్ళు చెయ్యి చాపగానే ఓహో మీరా అంటుంది. ఒకరికి చేతులు, ఒకరికి కాళ్ళు. మా ఇంట్లో మొహాలు చూసేదాన్ని నేనొక్కదాన్నే. అయితే ఎవరి మొహం ఎలా ఉందని నన్నెవరూ అడగరు.

మూడో ఏడాది మొదట్లో వాళ్ళ మాస్టారు క్లాసులో ఒక మాట చెప్పాడట. చివరి ఆరునెలలూ ప్రతివాళ్ళూ ఏదో ఒక వర్క్‌షాపులో పని నేర్చుకోవాలి. ఆ చోటు కాలేజీ చూపించదు, ఎవరిది వాళ్ళే సంపాదించుకోవాలి. వర్క్‌షాపు యజమాని సంతకం పెట్టిన కాగితం తేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. కాబట్టి ఇప్పటినుంచే నెట్‌వర్క్ కట్టుకోండి, ఈ పనిలో ఉన్నవాళ్ళు మిమ్మల్ని ఎరిగుండాలి అని ఉపదేశం. దానికో పద్ధతి కూడా చెప్పాడు. కలిసిన మొదటిసారి ఏమీ అడగకూడదు. మర్నాడు, మాట్లాడుకున్న సంగతి గుర్తుచేస్తూ మెసేజ్ పెట్టాలి. అప్పుడప్పుడూ మన పని ఫొటో తీసి పంపాలి, సలహా అడగాలి. అంతా అయ్యాక, చివర్న, చోటు అడగాలి.

ఇదంతా విని నాకు తల తిరిగింది. అడగడానికే పరిచయం చేసుకుని, అడగడానికి రాలేదన్నట్టు ఇన్నాళ్ళు తిరగడం ఏమిటో అర్థం కాలేదు. అంతకన్నా పెద్ద సందేహం ఇంకోటుంది.

"పనైపోయాక ఆ మనుషుల్ని ఏం చేస్తారే?"

"ఏం చెయ్యరు అమ్మమ్మా. టచ్‌లో ఉంటారు."

"అంటే?"

"అంటే... ఉంటారు," అంది. దానికీ తెలియదని నాకు తెలిసిపోయింది.

వాళ్ళ క్లాసులో ఒక స్నేహితురాలుంది, మా ఇంట్లో ఆ పిల్లకి వాగుడుకాయ అని పేరు. ఎదురుగా కూడా అదే అంటాం, నవ్వుతుంది. లిఫ్టులో ఎక్కి రెండు అంతస్తులు దాటేలోపు పక్కవాళ్ళ కుటుంబం మొత్తం తెలుసుకునే రకం. ఆ పిల్లకి అప్పుడే రెండు చోట్ల మాట దొరికింది. మా ఇంటికొచ్చి ఉడతకి పాఠాలు చెప్పేది, ఏముందే, ఊరికే నవ్వు, మిగతాది వాళ్ళే మాట్లాడతారు అని. నేను నవ్వితే వాళ్ళు వెనక్కి తిరిగి ఎవర్ని చూసి నవ్వానో వెతుక్కుంటారే అనేది మా ఉడత. నవ్వులాటగానే అనేది కానీ, ఆ పిల్ల వెళ్ళాక తోలుకి కన్నాలు పొడిచే ఆరె పట్టుకుని ఒకే కన్నాన్ని మళ్ళీ మళ్ళీ పొడుస్తూ కూర్చునేది.

మా ఉడతకి కావలసిన చోటు ఒక్కటే. మిగతా వర్క్‌షాపుల్లో అందరికీ సరిపోయే బూట్లు కుడతారు. పక్క ఊళ్ళో ఒక్కచోట మాత్రం ఎవరికీ సరిపోని కాళ్ళకి కుడతారు: ఒక కాలు పొట్టివాళ్ళు, వేళ్ళు పోయినవాళ్ళు, పాదాల్లో స్పర్శ తగ్గిపోయినవాళ్ళు. ఏటా ఒక్క విద్యార్థినే తీసుకుంటారు. నాకు చిన్నప్పటినుంచీ ఎడమకాలు కుడికాలికన్నా కాస్త పొట్టి. ఉడత బూట్ల చదువులో చేరడానికి కారణం నా నడకేనని వాళ్ళమ్మ అంటుంది. అది ఎన్నడూ ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు.

ఏడాదికోసారి బూట్లవాళ్ళంతా ఒక పెద్ద హాల్లో కలుసుకుంటారు. కొత్త తోళ్ళు, జిగుర్లు, యంత్రాలు బల్లల మీద పెట్టి చూపిస్తారు. ఉడత గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తుందన్న భయంతో వాళ్ళమ్మ నన్ను తోడు పంపింది. నేను గోడవార కుర్చీలో కూర్చున్నాను. అంత జనాన్ని ఒకచోట చూస్తే నాకు గాభరా. ఇంతమందీ సాయంత్రానికి ఎవరి దారిన వాళ్ళు పోతారు కదా అనిపిస్తుంది.

ఉడత తల వంచుకుని బల్లల మధ్య తిరిగింది. కాసేపటికి చూస్తే ఒకావిడతో మాట్లాడుతోంది. మా ఉడత, కొత్తమనిషితో. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆవిడ నవ్వితే ముందుపళ్ళ మధ్య సందు కనిపించింది. ఎడమ కనుబొమ్మకి నడిమధ్యన వెంట్రుకలు మొలవని చిన్న గీత ఉంది. మాట్లాడి మాట్లాడి నా దగ్గరికీ వచ్చింది. మీ మనవరాలా పిన్నిగారూ, నేల మీద ఏదో పారేసుకున్నదానిలా మాట్లాడుతోంది అని నవ్వి, చేతిసంచిలోంచి కార్డు తీసి ఉడతకిచ్చింది. మా దగ్గరికి వచ్చెయ్, నీ సంగతి నేను చెప్తాను, అంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగే మనుషులు నాకు గుర్తుండిపోతారు. తిరగనివాళ్ళు ఇంకా ఎక్కువ గుర్తుంటారు.

కార్డు చూసి ఉడత కుర్చీలో కూలబడింది. అది పక్కూరి వర్క్‌షాపు కార్డు. కింద యజమానురాలి పేరుంది.

"అమ్మమ్మా, ఆవిడే. సాక్షాత్తూ ఆవిడే."

ఇంటికొచ్చాక వాళ్ళమ్మ అడిగింది, ఎలా ఉంటుందే ఆవిడ అని. ముదురు గోధుమరంగు, ముందువైపు రెండు వరసల కుట్టు, లోపలి వరస కాస్త ఎడమకి వాలుగా ఉంది, కుట్టినవాళ్ళది ఎడమచేతివాటం అయ్యుండాలి అని గడగడా చెప్పింది. బూట్లు కాదే, మనిషి, అంది వాళ్ళమ్మ. మంచిదమ్మా, అని ఊరుకుంది ఉడత.

మర్నాడు మాస్టారు చెప్పిన పద్ధతిలో మెసేజ్ పెట్టింది. వాళ్ళమ్మ, వాగుడుకాయ, నేను, ముగ్గురం చుట్టూ కూర్చుని మాటలు కలిపాం, తీసేశాం, మళ్ళీ కలిపాం. నిన్న హాల్లో మీరు మడమల అరుగుదల గురించి చెప్పినవి మనసులో ఉన్నాయి, ధన్యవాదాలు అని తేలింది చివరికి. సాయంత్రానికి జవాబు వచ్చింది: గుర్తున్నావు. సంతోషం.

వాగుడుకాయ గంతేసింది. నాకు మాత్రం ఎక్కడో తేడాగా అనిపించింది. హాల్లో ఏరులా మాట్లాడిన మనిషి రెండు ముక్కలు రాసి ఊరుకోవడమేమిటి అన్నాను. రాతలో అందరూ పొదుపేనమ్మా అంది మా అమ్మాయి.

ఆ తర్వాత నెలల తరబడి నడిచింది ఆ వ్యవహారం. ఇది ఫొటో పంపేది, ఆవిడ రెండు ముక్కలు రాసేది. కుట్టు బిగువెక్కువైంది. ఇప్పుడు మేలు. ఆ రెండు ముక్కలు పట్టుకుని ఇది మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టేది. చివరికి చోటు అడిగింది. మీరు ఆ రోజు రమ్మన్నారు కదా అని రాసింది. ఆ జవాబు రావడానికి ఆలస్యమైంది. ఆలోగా మా ఇంట్లో ఎవరికీ తిండి సరిగా సయించలేదు. వచ్చింది: అన్నాను కాబట్టి రా. ఒక జత చేసి తీసుకురా. వేసుకునే మనిషిని కూడా తీసుకురా.

వేసుకునే మనిషిని నేనే.

కొత్త బూట్లు తొడుక్కుని బస్సెక్కాను. ఎడమ అడుగు కింద ఒక అట్ట ఎక్కువ వేసి, అది బయటికి కనబడకుండా లోపలే దాచింది. నడుస్తుంటే ఎవరి కాళ్ళతోనో నడుస్తున్నట్టుంది. బాగుందో లేదో చెప్పమంటే చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళ కుంటు ఒక్కసారిగా పోతే, దాంతోపాటు నాలోంచి ఏదో పోయినట్టు బెంగగా ఉంది. ఆ మాట దాంతో ఎలా అంటాను.

వర్క్‌షాపు ముందుగది చిన్నది. ఒక కుర్చీ, దాని ముందు పీట, గోడకి మోకాలి ఎత్తు దాకా అద్దం. అందులో కూర్చున్నవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడవు. లోపలిగదిలో గోడల నిండా చెక్క అచ్చులు, ఒక్కో జతకి ఒక్కో మనిషి పేరు. తోలు, మైనం, జిగురు కలిసిన వాసన. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. తలుపు తెరుచుకుంది. ఉడత తల వంచుకునే లేచి నిలబడింది. గుమ్మంలో ముదురు గోధుమరంగు బూట్లు. వాటిని చూడగానే దాని మొహం విచ్చుకుంది.

"నమస్కారం మేడమ్. ఆ రోజు మీరు చెప్పినట్టే మడమ బయటివైపు గట్టితోలు వేశాను."

నేను తలెత్తి చూశాను. ఈవిడ ఆవిడ కాదు.

ముందుపళ్ళ మధ్య సందు లేదు. కనుబొమ్మలో గీత లేదు. మొహం కోల, జుట్టు నెరిసింది. హాల్లో చూసినావిడది గుండ్రటి మొహం. ఉడత చెయ్యి పట్టి లాగి, చెవిలో గొణిగాను.

"ఏమే, ఈవిడ కాదే."

"ఊరుకో అమ్మమ్మా. అవే బూట్లు. అదే వాలు కుట్టు."

"మొహం చూడవే తల్లీ."

అది చూడలేదు. ఈలోగా ఆవిడ పీట మీద కూర్చుని, నా పాదం చేతుల్లోకి తీసుకుని, "ఆఁ, ఆ రోజు చెప్పాను కదూ," అంది.

ఇక నా తల పనిచెయ్యడం మానేసింది. నేను కాదనుకున్న మనిషి, తనేనంటోంది. అంటే నా కళ్ళు పోయాయా, మతి పోయిందా? నేను జీవితంలో నమ్ముకున్నది ఆ ఒక్కటే, చూసిన మొహం మర్చిపోనని. ఎవరెవరి మొహాలో మనసులో ఒకసారి తిప్పుకున్నాను, ఇప్పుడు లేనివాళ్ళవి, ఎక్కడున్నారో తెలియనివాళ్ళవి. అవన్నీ కూడా తప్పేనేమో, ఎవరి కళ్ళో తీసి ఎవరికో పెట్టుకున్నానేమో అని భయం వేసింది. అప్పుడే ఆవిడ నా మడమ నొక్కి, నొప్పిగా ఉందా అని అడిగింది. లేదండీ, బాగుందండీ అన్నాను.

ఆవిడ నన్ను అటూ ఇటూ నడిపించింది. బూటులోపల వేలు పెట్టి చూసింది. లోపల దాచిన అట్ట బాగుందంది. బల్ల దగ్గరికెళ్ళి కాలేజీ కాగితం ముందుకి లాక్కుని, కలం తీస్తూ, నేను మాటిచ్చానంటున్నావు కాబట్టి నిలబెట్టుకోవాలి కదా, ఈ ఏడాది ఇంకొకర్ని అనుకున్నాను, అయినా సరే అంది.

సరిగ్గా అప్పుడు లోపలిగదిలోంచి నల్లబూట్లు కిర్రుకిర్రుమనిపించుకుంటూ ఒక మనిషి వచ్చింది. గుండ్రటి మొహం. నన్ను చూసి పళ్ళసందు కనబడేలా నవ్వింది.

"ఏం పిన్నిగారూ, బాగున్నారా? మీ నేలచూపుల పిల్ల వచ్చిందా మరి?"

నాకు ముందు కలిగింది సంతోషం. నా కళ్ళు పోలేదు. ఆ వెంటనే ఉడత మొహం చూశాను, సంతోషం కాస్తా ఆవిరైపోయింది.

తర్వాత ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ ముగ్గురూ మాట్లాడితే విషయం బయటపడింది. ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. కొత్త బూట్లు బిర్రుగా ఉంటాయి, పుండు పడ్డ కాళ్ళవాళ్ళు వాటిని తొడిగి మెత్తబరచుకోలేరు. అందుకని ఆ నల్లబూట్లావిడ తన కాలు పట్టే ప్రతి జతనీ కొన్నాళ్ళు తొడుక్కుని తిరుగుతుంది. ఎక్కడ కరుస్తోందో చెప్తుంది, అక్కడ మళ్ళీ అచ్చుకెక్కించి సాగదీస్తారు. అదే ఆవిడ ఉద్యోగం. వేరే ఊళ్ళో అయితే ఇలా నడిచి జీతం తీసుకుంటానంటే నవ్వుతారు అని తనే చెప్పుకుంది. హాల్లో మేము కలిసినరోజు ఆవిడ కాళ్ళకున్నవి యజమానురాలి కోసం కుట్టిన జత. ఆ మెత్తబడిన జతే ఇప్పుడు యజమానురాలి కాళ్ళకి ఉంది.

ఈ పిల్ల సంగతి ఆ రోజే మీకు చెప్పాను కదండీ, అంది నల్లబూట్లావిడ. నువ్వు రోజుకొకళ్ళ సంగతి చెప్తావు, ఎవర్నని గుర్తుపెట్టుకోను అంది యజమానురాలు. నల్లబూట్లావిడ అదీ నిజమేనని ఒప్పుకుని, నా పక్కన గోడకానుకుని నిలబడింది.

కలం కాగితం మీద ఆగింది. ముందు మాట్లాడింది ఉడతే.

"అయితే మీరు నాకు మాటివ్వలేదు."

"లేదు. ఇచ్చాననుకున్నాను. నేనూ ఆ రోజు కాసేపు హాలుకొచ్చాను, ఎంతమందితో మాట్లాడానో."

"గుర్తున్నావని రాశారు కదా మేడమ్."

"అందరికీ అలాగే రాస్తాను అమ్మాయ్. గుర్తులేవని ఎలా రాయను?"

ఇద్దరూ ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ, జరగని పరిచయాన్ని ఇన్నాళ్ళు పెంచారన్నమాట. మరి ఆ రెండేసి ముక్కల జవాబులు? కుట్టు బిగువెక్కువైందన్నది నిజమే, విప్పి కుట్టడం నిజమే. మొదలు అబద్ధమైతే మిగతాది ఏమవుతుందో నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు.

యజమానురాలు కలం పక్కన పెట్టి, కళ్ళు మూసుకో, అంది ఉడతతో. మూసుకుంది.

"ఈవిడ హాల్లో నీతో అంతసేపు మాట్లాడింది. మొహం ఎలా ఉంటుందో చెప్పు."

"ఎడమ మడమ బయటివైపు అరుగుతుంది. కుడి చిటికెనవేలు కొంచెం..."

"మొహం అడిగాను."

ఉడత మూసిన కళ్ళు ఇంకా గట్టిగా బిగించింది.

"పోనీ నా మొహం?"

"కళ్ళజోడు..." అని ఆగిపోయింది. కళ్ళజోడు ఆవిడకి లేదు. ఉన్నది నాకు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు జారాయి. నల్లబూట్లావిడ నా భుజం మీద చెయ్యేసింది. ఏడుస్తున్నది అది, ఊరడింపు నాకు.

యజమానురాలు కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పింది. ఇక్కడికొచ్చేవాళ్ళలో సగంమంది మొహమాటానికి బాగుందండీ అంటారు. కొందరికి కాళ్ళలో స్పర్శే ఉండదు, ఏమీ తెలియక బాగుందండీ అంటారు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరో పాదం చూస్తే తెలియదు. ఇందాక మీ అమ్మమ్మ మడమ నొక్కినప్పుడు బాగుందండీ అన్నారు, కుడికన్ను కింద చిన్నగా అదిరింది. నువ్వు చూశావా? ఆ ఎక్కువ అట్ట అంచు గుచ్చుకుంటోంది. అవునా అండీ?

ముగ్గురూ నా వంక చూశారు. గుచ్చుకుంటోంది. బస్సు దిగినప్పటినుంచీ గుచ్చుకుంటోంది. కొంచెం, అన్నాను. ఉడత కళ్ళు తెరిచింది. అప్పుడది నన్ను చూసిన చూపు నేను తట్టుకోలేక అద్దంలోకి చూశాను. అక్కడ నా కాళ్ళు మాత్రమే ఉన్నాయి.

సంతకం పెట్టింది ఆవిడ. పెట్టి, కాగితం ఇంకా చేతిలోనే ఉంచుకుని షరతు చెప్పింది. కుట్టడానికి నాకు మనుషులున్నారు, నీ కుట్టు లేకపోతే ఇక్కడ లోటేమీ లేదు. నువ్వు లోపలిగదికి రావద్దు. ముందుగదిలో ఈ పీట పక్కన కూర్చోవాలి. నేను చెప్పేదాకా ఎవరి పాదమూ ముట్టుకోకూడదు. మొహాలు చూడాలి, సాయంత్రం నాకు చెప్పాలి. చెప్పలేకపోతే కాలేజీకి నేనే ఉత్తరం రాస్తాను, ఈ సంతకం చెల్లదని. ఇష్టమేనా?

ఉడత తల ఊపింది. ఆరె లేకుండా, తోలు లేకుండా, మా ఉడత ఆరునెలలు కొత్తవాళ్ళ మొహాల్లోకి చూస్తూ కూర్చోవడం. అది వరమో శిక్షో నాకు అర్థం కాలేదు.

తిరుగుబస్సులో ఉడత కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా బూట్లు విప్పేసి, నీ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకోనా అమ్మమ్మా అంది. బస్సులో బాగుండదే అన్నాను. తర్వాత అడిగింది, మనం గెలిచామా ఓడామా అని. సంతకం ఉంది కదే అన్నాను. అంతకన్నా చెప్పగలిగింది నా దగ్గర లేదు.

"అమ్మమ్మా, నువ్వు మొహాలు ఎలా గుర్తుపెట్టుకుంటావు?"

ఇది ఎవరైనా అడుగుతారని ఎన్నడూ అనుకోలేదు. అదేమైనా విద్యా, పుస్తకం ఉందా? ఎవర్ని చూసినా మళ్ళీ కనబడరేమోనన్న భయంతో చూస్తాను. ఆ భయం లేకుండా చూడడం ఎలాగో నాకు తెలియదు. ఇరవైయేళ్ళ పిల్లకి భయం నేర్పుతానా? నీళ్ళు తాగి, కిటికీలోంచి చూసి, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను.

"ఎక్కేవాళ్ళని కాదే. దిగేవాళ్ళని చూడు."

ఎందుకన్నానో నాకే తెలియదు. అది మాత్రం పాఠంలా తీసుకుంది. తర్వాతి స్టాపులో ఒక ముసలాయన దిగాడు. మెడ చాచి, బస్సు కదిలేదాకా చూసింది. కింద పెదవి మీద కాలిన మచ్చ, అంది. ఆ తర్వాత బిడ్డనెత్తుకున్న ఒకావిడ దిగింది. కళ్ళు వాచి ఉన్నాయి, ఏడ్చిందో నిద్ర లేదో తెలియలేదు, అంది. ఆపైన చాలాసేపు ఎవరూ దిగలేదు. నా పక్కన కదలిక లేకపోయేసరికి తిరిగి చూశాను. అది నన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"నేనింకా దిగడంలేదు కదే," అన్నాను.